సీసీ రోడ్డు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు అడిగితే ‘థర్డ్ పార్టీ సమాచారం’ అంటున్నారు. చట్టప్రకారం ఏది ఇచ్చి తీరాలి?

నాగావళి ఒడ్డు:

మాది 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. ఊళ్లో 2020-21లో వేసిన సీసీ రోడ్డు కాగితాల కోసం మండల స్థాయి ఇంజనీరింగ్ ఆఫీసుకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. అడిగినవి: ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, ఎం-బుక్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు. చివర్లో రెండు ప్రశ్నలు కూడా రాశాం: ‘రోడ్డు ఇంత తొందరగా ఎందుకు పగిలింది? బాధ్యుల మీద చర్య ఎందుకు తీసుకోలేదు?’

జవాబు గడువులోనే వచ్చింది. అగ్రిమెంటు, బిల్లులు కాంట్రాక్టరు వ్యక్తిగత సమాచారం కాబట్టి 8(1)(జె) కింద ఇవ్వరట. ఎం-బుక్ థర్డ్ పార్టీ సమాచారం, కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పాడట. పాత రికార్డు శ్రీకాకుళంలో ఉంది, అక్కడే అడుక్కోమన్నారు. చివరి రెండు ప్రశ్నలు ‘సమాచారం’ కిందికి రావన్నారు. ఎస్టిమేటు, క్వాలిటీ రిపోర్టుల ఊసే లేదు. అప్పీలు ఎవరికి చేసుకోవాలో కూడా రాయలేదు.

ఇందులో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు? అప్పీల్లో ఏటి రాయాలి?

సెక్షన్ ఏడు:

మీ రెండు ‘ఎందుకు’ల మీద వాళ్లు చెప్పింది సరైనదే. మిగతావేవీ ఇప్పుడున్న రూపంలో నిలవవు.

సమాచార హక్కు చట్టం 7(1) ప్రకారం పీఐవో (ఆఫీసులో సమాచారం ఇవ్వాల్సిన అధికారి) ముందు రెండే దారులు. ఫీజు తీసుకుని ఇవ్వాలి, లేదా 8, 9 సెక్షన్లలో ఉన్న కారణం చూపించి తిరస్కరించాలి. నిఘా, భద్రతా సంస్థలకు 24వ సెక్షన్ వేరే ఉంది, రోడ్ల ఆఫీసుకి దాంతో పని లేదు. ‘సిబ్బంది తక్కువ’, ‘ఫైలు ఆడిట్‌కి వెళ్లింది’, ‘మీకెందుకు ఇవన్నీ’ లాంటి మాటలు 8లోనూ లేవు, 9లోనూ లేవు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని 6(2)లోనే ఉంది. కాగితాలు మరీ ఎక్కువైతే 7(9) కింద మీరడిగిన రూపం మార్చొచ్చు. అంటే నకళ్లకు బదులు ఆఫీసుకొచ్చి చూసుకోమనొచ్చు, అంతవరకే. అసలే ఇవ్వమనడానికి ఆ సెక్షన్ పనికిరాదు. ఫైలు కనబడడం లేదన్నా అదే సంగతి. విశ్వాస్ భంబుర్కర్ కేసులో 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన ప్రకారం ఉండాల్సిన రికార్డు లేదంటే క్షుణ్ణంగా వెతికించాలి, దొరక్కపోతే ఎవరి చేతిలో పోయిందో తేల్చాలి.

ఇక 8(1)(జె). ఇక్కడ పాత పుస్తకాలు చూసి అప్పీలు రాస్తే దెబ్బ తింటారు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోని 44(3) ఈ క్లాజుని మార్చేసింది, 2025 నవంబరు నుంచి ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇదివరకు ‘ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిది’, ‘అనవసరంగా ఏకాంతంలోకి చొరబడేది’ అన్న షరతులు ఉండేవి. ‘చట్టసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదు’ అన్న వాక్యం కూడా పోయింది. ఇప్పుడు క్లాజులో మిగిలింది ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది’ అన్న ముక్క ఒక్కటే. కాబట్టి పాత షరతుల మీద వాదించకండి. మీ చేతిలో ఇంకా మూడు ఉన్నాయి.

మొదటిది 8(2). మినహాయింపు వర్తించినా సరే, దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కన్నా బయటపెట్టడంలో ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. అప్పీల్లో ఈ మాట మీరే ఎత్తాలి, ప్రజాప్రయోజనం ఏమిటో కూడా మీరే చెప్పాలి: ప్రభుత్వ సొమ్ము, ఊరుమ్మడి రోడ్డు, కంటికి కనబడుతున్న పగుళ్లు. రెండోది 10వ సెక్షన్. కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్, ఫోన్ నంబర్లు నల్లగా కొట్టేసి మిగతా పేజీ ఇవ్వాలి. నాలుగు గడులు దాచడానికి ఫైలంతా దాచేస్తామంటే కుదరదు. మూడోది, ఎం-బుక్కు, ఎస్టిమేటు, క్వాలిటీ రిపోర్టు రోడ్డు గురించిన రికార్డులు. అందులో ‘వ్యక్తి’ ఎక్కడున్నాడో చూపించే భారం 19(5) ప్రకారం పీఐవోదే.

థర్డ్ పార్టీ అన్నది తిరస్కరించే కారణం కానే కాదు, 11వ సెక్షన్ కింద నడిపే ఒక పద్ధతి. ఆ సమాచారాన్ని సదరు మూడో వ్యక్తి గోప్యంగా ఉంచుకున్నదై ఉంటేనే ఆ సెక్షన్ మొదలవుతుంది. దరఖాస్తు అందిన 5 రోజుల్లో అతనికి నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 10 రోజుల్లో అతను చెప్పుకోవాలి. మొత్తం 40 రోజుల్లో పీఐవో తన బుర్రతో నిర్ణయం తీసుకోవాలి. అభ్యంతరం ఒక అభిప్రాయం, అంతే. ‘కాంట్రాక్టరు వద్దన్నాడు’ అని రాసి సంతకం పెడితే ఆ నిర్ణయం కాంట్రాక్టరుది అవుతుంది గాని పీఐవోది కాదు. వ్యాపార రహస్యం అంటే 8(1)(డి) పేరు చెప్పి, ఇస్తే పోటీలో అతనికి నష్టం ఎలాగో చూపాలి. టెండరు తెరవకముందు రేట్లు అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది. పని అయిపోయి, బిల్లు పాసైన రోడ్డుకి ఏ పోటీ మిగిలింది?

‘ఎందుకు’ల సంగతి. ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది: ఆఫీసులో రికార్డుగా ఉన్నది ఇవ్వాలి. లేనిదాన్ని తయారుచేసి ఇవ్వడం, కారణాలు ఊహించి చెప్పడం, సలహా ఇవ్వడం పీఐవో పని కాదు. ఆ ప్రశ్నల్ని కాగితాలుగా మార్చి అడగాలి.

తిరస్కరించేటప్పుడు కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు మూడూ రాయాలని 7(8). మీ జవాబులో అది లేకపోవడం అప్పీల్లో మొదటి పాయింటు.

కొలతల మాస్టారు:

చట్టం సంగతి పైన చెప్పారు. ఏ కాగితం అడగాలో నేను చెబుతాను, ఎందుకంటే ‘ఎం-బుక్ ఇవ్వండి’ అంటే సగం ఆఫీసుల్లో అక్కడే ఆగిపోతుంది. ఒకే ఎం-బుక్‌లో ఐదారు పనుల కొలతలుంటాయి. పుస్తకం మొత్తం అడిగినట్టు చదువుకుని ‘భారీ సమాచారం’ అనేస్తారు.

ముందు బిల్లు పట్టుకోండి. బిల్లు మీద ఎం-బుక్ నంబరు, పేజీ నంబర్లు ఉంటాయి. ‘ఫలానా పనికి చెల్లించిన అన్ని రన్నింగ్, ఫైనల్ బిల్లులు, ఆ బిల్లుల్లో పేర్కొన్న ఎం-బుక్ పేజీలు, చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి సరిచూసిన కొలతలు) పేజీలతో సహా’ అని రాస్తే తప్పించుకునే సందు ఉండదు. ఎం-బుక్ పేజీలు అచ్చు నంబర్లతో వస్తాయి, రాతలు సిరాతోనే ఉండాలి, చెరపకూడదు. దిద్దుబాటు ఉంటే కొట్టేసి పొట్టి సంతకం పెట్టాలి. కాబట్టి నకలు చేతికొచ్చాక పేజీ నంబరు ఎక్కడైనా ఎగిరిందా, దిద్దిన చోట సంతకం ఉందా చూడండి.

పని పేరు అందాజుగా రాయకండి. పరిపాలనా అనుమతి ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ, అంచనా మొత్తం తెలిస్తే రాయండి. తెలియకపోతే ‘ఫలానా వారి ఇంటి నుంచి రామాలయం వరకు’ అన్నట్టు శంకుస్థాపన బోర్డు మీదున్న పేరే యథాతథంగా దించండి. ఆఫీసు రిజిస్టర్లలోనూ ఇంచుమించు అదే పేరు ఉంటుంది.

క్వాలిటీ రిపోర్టులో చూడాల్సింది తేదీలు. కాంక్రీటు క్యూబులు 15 సెంటీమీటర్లవి పోసి 28 రోజులకి పరీక్షిస్తారు. క్యూబు పోసిన తేదీ, పరీక్షించిన తేదీ, ఎం-బుక్‌లో కాంక్రీటు వేసిన తేదీ మూడూ పక్కపక్కన పెట్టండి. రోడ్డు వేయకముందే క్యూబు పోసినట్టుంటే ఇంక ప్రశ్న అడగనక్కర్లేదు. తర్వాత మందం. ఎస్టిమేటులో 15 సెంటీమీటర్లు అని ఉంటే ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, మందం గుణకారం చూసుకుని, అంచున టేపు పెట్టి కొలవండి. అంచు దగ్గర మాత్రం మందంగా పోసి మధ్యలో పల్చగా తేల్చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అందుకని అంచు కొలత ఒక్కదాన్నీ నమ్మకండి.

దానికి కూడా చట్టంలోనే దారి ఉంది. 2(జె)లో కాగితాలే కాదు, పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు ఉన్నాయి. ‘ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సమక్షంలో రోడ్డు తనిఖీ, ఒక కోర్ నమూనా (రోడ్డుని తొలిచి తీసిన ముక్క)’ అని వేరే దరఖాస్తు పెట్టండి. కాగితాల దరఖాస్తులో కలపొద్దు. కలిపితే నమూనా ఏర్పాటు కాలేదనే వంకతో కాగితాలూ ఆగుతాయి.

మీ ‘చర్య ఎందుకు తీసుకోలేదు’ని ఇలా మార్చండి: అగ్రిమెంటులో లోపాల బాధ్యత కాలం (రోడ్డు పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) గురించిన పేజీ, ఆ కాలంలో కాంట్రాక్టరుకి ఇచ్చిన నోటీసుల నకళ్లు, సెక్యూరిటీ డిపాజిట్ విడుదల చేసిన ఉత్తర్వు, దాని నోట్ ఫైలు. నోటీసులే ఇవ్వకపోతే ‘అలాంటి రికార్డు లేదు’ అని రాసివ్వాలి. ఆ ఒక్క వాక్యం మీద పీఐవో సంతకం పడడం మీకు అన్నిటికన్నా విలువైన కాగితం.

ఇంకో మాట. పని ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో జరిగిందేమో చూడండి. అయితే ఆ ఏడాది సామాజిక తనిఖీ నివేదిక కూడా అడగండి. తనిఖీ బృందం అదే రోడ్డు కొలిచి ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

తపాలా రసీదు:

శ్రీకాకుళం వెళ్లి అడగమన్నదాని గురించి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. 2022 ముందరి పనులకి బిల్లు ఒకచోట, ఫైలు ఇంకొకచోట ఉండడం నిజమే కావొచ్చు. కానీ ఆ తిప్పలు దరఖాస్తుదారుడివి కావు. 6(3) ప్రకారం సమాచారం వేరే అథారిటీ దగ్గర ఉంటే పీఐవోనే 5 రోజుల్లో దరఖాస్తుని, లేదా దానికి సంబంధించిన భాగాన్ని, అక్కడికి బదిలీ చేసి మీకు కబురు పెట్టాలి. ‘అక్కడ అడుక్కోండి’ అని తిప్పి పంపే వెసులుబాటు లేదు. బదిలీ అయితే 30 రోజుల లెక్క అవతలి ఆఫీసుకి అందిన రోజు నుంచి వేసుకోండి, తగాదా ఉండదు.

ఫీజులు 2005 అక్టోబరులో వచ్చిన జీవో 454 ప్రకారం: గ్రామ స్థాయి ఆఫీసుకి దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. నకలు ఏ4 అయినా ఏ3 అయినా పేజీకి 2 రూపాయలు. రికార్డు చూసుకోవడం మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకి 5. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి 7(5) కింద ఏ ఫీజూ లేదు, కార్డు నకలు జత చేయాలి. కార్డున్న వ్యక్తి పేరు మీదే దరఖాస్తు ఉండాలి, ఇంట్లో ఇంకొకరి సంతకం పెడితే అక్కడ పట్టుకుంటారు.

గడువు లెక్కలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఉదాహరణకి జూన్ 3న అందితే జూలై 3తో 30 రోజులు. జూన్ 20న ‘86 పేజీలు, 172 రూపాయలు కట్టండి’ అని ఉత్తరం పంపారనుకోండి, అప్పటికి 17 రోజులు అయ్యాయి. ఉత్తరం బయల్దేరిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు దాకా గడియారం ఆగుతుంది. కట్టాక వాళ్లకి మిగిలింది 13 రోజులే, మళ్లీ 30 కాదు. ఫీజు ఉత్తరం జూలై 3 దాటాక పంపితే 7(6) ప్రకారం మొత్తం ఉచితంగా ఇవ్వాలి. ఎంత కట్టాలో ఒక్క అంకె రాస్తే చాలదు, పేజీలెన్ని, పేజీకెంత అన్న లెక్క ఉత్తరంలో ఉండాలి. ఉత్తరం ఎప్పుడు బయల్దేరిందో తేలాలి కాబట్టి కవరు పారేయకండి, దాని మీద తపాలా ముద్ర తేదీయే సాక్ష్యం.

పెంకుటింటి రాజు:

నాగావళి గారి ప్రశ్నకి అడ్డం వస్తున్నాను, ఏమనుకోకండి. మా సహకార సొసైటీలో ఎరువుల స్టాకు, పంపిణీ జాబితా అడిగితే మాకు ఈ చట్టం వర్తించదంటున్నారు. నిజమేనా?

సెక్షన్ ఏడు:

కొంత నిజం. థలప్పళం బ్యాంకు కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది: సహకార చట్టం కింద రిజిస్టరైనంత మాత్రాన, రిజిస్ట్రారు అజమాయిషీ ఉన్నంత మాత్రాన సొసైటీ పబ్లిక్ అథారిటీ కాదు. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు వెళ్తున్నాయని చూపగలిగితే అవుతుంది. ఆ వాదన పెట్టుకుని కూర్చోకండి. 2(ఎఫ్)లో ప్రైవేటు సంస్థ దగ్గరున్నదైనా, వేరే చట్టం కింద ప్రభుత్వ అధికారి తెప్పించుకోగలిగితే అదీ సమాచారమే. సొసైటీని వదిలేసి జిల్లా సహకార అధికారి ఆఫీసులోనూ, ఎరువుల స్టాకు చూసే వ్యవసాయ శాఖ ఆఫీసులోనూ అడగండి. వాళ్లకి సొసైటీ ఇచ్చిన స్టేట్‌మెంట్లు చాలావరకు అక్కడే ఉంటాయి.

నాగావళి ఒడ్డు:

అందరికీ దండాలు. అప్పీలు ఆ ఆఫీసులోనే పై అధికారికా, మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కా? కొత్త దరఖాస్తు పెట్టాలా, పాతదాని మీదే వెళ్లాలా? కొందరు నేరుగా కమిషన్‌కి ఫిర్యాదు కొట్టేయమంటున్నారు.

సెక్షన్ ఏడు:

రెండూ చేయండి. ‘ఎందుకు’ల స్థానంలో కొలతల మాస్టారు చెప్పిన కాగితాలకి కొత్త దరఖాస్తు. పాత ఐదు కాగితాలకి మొదటి అప్పీలు. అప్పీల్లో కొత్త అంశాలు చేర్చితే దాన్ని పట్టుకుని మొత్తం కొట్టేస్తారు.

మొదటి అప్పీలు జవాబు అందిన 30 రోజుల్లో, పీఐవో కన్నా పై హోదా అధికారికి, ఫీజు లేకుండా. పేరు తెలియకపోతే ‘మొదటి అప్పిలేట్ అధికారి’ అని హోదాతో రాసి అదే ఆఫీసు చిరునామాకి పంపండి. ఆయన 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి 45 దాకా సాగదీయొచ్చు. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. కాగితం కావాలంటే దారి ఇది. 18వ సెక్షన్ ఫిర్యాదు కింద కమిషన్ జరిమానా వేయగలదు గాని సమాచారం ఇప్పించలేదని మణిపూర్ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పేసింది. జరిమానా రోజుకి 250 చొప్పున గరిష్ఠంగా 25,000, అదీ కమిషన్ చేతిలోదే. మొదటి అప్పీల్లో ‘జరిమానా వేయండి’ అని రాసి ప్రయోజనం లేదు.

ముసాయిదా ఇలా పెట్టుకోండి:

‘పీఐవో జవాబులో అంశం 1, 4లకు (ఎస్టిమేటు, క్వాలిటీ రిపోర్టు) ఏ సమాధానమూ లేదు, 7(2) ప్రకారం ఇది తిరస్కరణతో సమానం. అంశం 2, 5లకు (అగ్రిమెంటు, బిల్లులు) 8(1)(జె) అన్నారు గాని వ్యక్తిగత భాగం ఏదో చూపలేదు, 10వ సెక్షన్ కింద విడదీసి ఇవ్వలేదు, 8(2) పరిశీలించలేదు. అంశం 3కు (ఎం-బుక్) 8లోని ఏ క్లాజూ పేర్కొనలేదు, 11వ సెక్షన్ నోటీసు తేదీ, అభ్యంతరం నకలు, పీఐవో సొంత నిర్ణయం లేవు. వేరే ఆఫీసులో ఉందన్న భాగాన్ని 6(3) కింద బదిలీ చేయలేదు. 7(8) ప్రకారం అప్పీలు వివరాలు ఇవ్వలేదు. అడిగిన 5 అంశాల ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించాలి.’

ఇంతకుమించి రాయకండి. అవినీతి, కుమ్మక్కు లాంటి మాటలు అప్పీల్లో అస్సలు వద్దు. విచారణ అటువైపు మళ్లిపోతుంది.

కొలతల మాస్టారు:

విచారణకి పిలిచి ‘వచ్చి ఫైలు చూసుకోండి’ అంటే వెళ్లండి, కానీ నకళ్ల హక్కు వదులుకున్నట్టు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. చూసేటప్పుడు కావలసిన పేజీలకి గుర్తులు పెట్టించి, ఆ జాబితా మీద ఇద్దరి సంతకాలతో, తేదీతో ఒక ప్రతి అక్కడికక్కడే తెచ్చుకోండి. నకళ్లు ఇచ్చేటప్పుడు ఏ పేజీ తగ్గిందో దాంతో తెలుస్తుంది. ప్రతి పేజీ మీదా ‘సమాచార హక్కు చట్టం కింద ఇచ్చిన నిజ ప్రతి’ అని ముద్ర, పీఐవో సంతకం, తేదీ ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. ముద్ర లేని జెరాక్సు రేపు విజిలెన్సు వాళ్లకిచ్చినా, కోర్టులో పెట్టినా ఎక్కడిదని అడుగుతారు.